మూడు గళ్ల నోటుపుస్తకం మీద నా అభ్యంతరాలు

ఈ వ్యాసం ఒక నోటుపుస్తకం మీద ఫిర్యాదు. రెండొందల పేజీలది, నీలం అట్టది, తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నది. మా అమ్మాయి స్కేలు పెట్టి ప్రతి పేజీనీ మూడు గళ్లు చేసింది. మొదటి గడిలో 'ముందేం జరిగింది', రెండో గడిలో 'చిన్నోడు ఏం చేసినాడు', మూడో గడిలో 'తర్వాత మనమేం చేసినాం'. అది ఇంటికొచ్చి పద్నాలుగు రోజులైంది. ముప్పైరెండేళ్ల ప్రభుత్వ ఉద్యోగంలో ఆడిట్ వాళ్లు కూడా తీయలేని పరువు ఈ పద్నాలుగు రోజుల్లో పోయింది.

మా మనవడికి ఐదేళ్లు. ఇంకా మాటలు రాలేదు. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. అంతకు రెండేళ్ల ముందే మా వీధి ఇంకోటి చెప్పేసింది: మొండి. రోగం పేరు తేల్చడంలో మా బైరాగిపట్టెడకున్న వేగం ఏ ఆస్పత్రికీ లేదు. స్కానింగు లేదు, చీటీ లేదు, గుమ్మంలో నిలబడే తేల్చేస్తారు. వాడెందుకు ఏడుస్తున్నాడు? మొండోడు కాబట్టి. మొండోడని ఎట్లా తెలిసింది? ఏడుస్తున్నాడు కదా! ఎక్కడా అతుకు కనబడని ఇంత గుండ్రటి శాస్త్రం చేతిలో ఉండగా, వేరే శాస్త్రం ఎందుకో నాకు అర్థం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం అందులో ఒకటి. మా వీధి జాబితాలో ఉన్నవి రెండే: పిల్లాడి మొండితనం, తల్లి గారాబం.

బాలాజీ కాలనీ దిక్కున ఒక థెరపీ సెంటరుంది. అక్కడి అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. నేను పెద్దరికంగా కుర్చీలో సర్దుకుని, 'మేడం, వీడి మొండితనం తగ్గాలంటే ఎన్నాళ్లు పడుతుంది?' అని అడిగాను.

'మొండితనం నాకు కనబడలేదు సార్. మీరు కంటితో చూసింది చెప్పండి' అంది.

కంటితో చూసింది! అట్లా చెప్పాలంటే 'నేల మీద పడుకుని కాళ్లు కొట్టుకున్నాడు, నాలుగు నిమిషాలు' అని చెప్పాలట. అందులో తీర్పేదీ? తల్లిని ఒక మాట అనే సందేదీ? ఈ విద్యను అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్ అంటారట, పొట్టిగా ఏబీఏ. 1968లో అమెరికాలో బేర్, వోల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు దీనికి హద్దులు గీశారు. ప్రయోగశాల బోనుల్లో కాదు, ఇంట్లోనూ బడిలోనూ పనికి రావాలి, మనిషికి నిజంగా అవసరమైన విషయం మీదే ఉండాలి, కనబడేదాన్నే కొలవాలి అన్నారు. పెద్దలు నోటికొచ్చింది అనకూడదు అని విడిగా రాయలేదు గానీ, సారాంశం అదే.

ఆ కొలత కోసమే ఈ నోటుపుస్తకం. ఇక మొదటి పేజీ చూడండి. మా అమ్మాయి చేతిరాత.

'ఏడు గంటలు. ముందు: తాత ఫోను జేబులో పెట్టుకున్నాడు. చిన్నోడు: అరిచి నేల మీద పడినాడు, నాలుగు నిమిషాలు. తర్వాత: తాత ఫోను ఇచ్చినాడు.'

'ఏడుంబావు. ముందు: అవ్వ ఫోను తీసుకుంది. చిన్నోడు: అరిచినాడు, ఆరు నిమిషాలు. తర్వాత: తాత ఫోను ఇచ్చినాడు.'

కేసు మనవడి మీద, ముద్దాయిని నేను! రెండు వారాల్లో నా పేరు ముప్పైఎనిమిది చోట్ల ఉంది, అన్నీ ఒకటో గడిలో, మూడో గడిలో. ఇటూ అటూ నేనే కూర్చుంటే మధ్యలో వాడు మాత్రం ఏం చేస్తాడని సెంటరు అమ్మాయి వాదన.

'ఫోను ఇచ్చినాక ఇల్లు గమ్మున అయిపోయింది కదా సార్, మీకెట్లా అనిపించింది?'

'హాయిగా అనిపించింది.'

'అందుకే ఏడుంబావుకు మళ్లీ ఇచ్చినారు.'

నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఏదో శిక్ష అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. చెవికి బాధ తప్పింది కాబట్టి, తప్పించిన పనిని మళ్లీ చేయబుద్ధి కావడమట. అరుపుకు ఫోను వస్తుందని వాడు నేర్చుకుంటే, ఫోనుకు నిశ్శబ్దం వస్తుందని నేను నేర్చుకున్నానట. ఒకే క్లాసులో ఇద్దరం. వాడికి ఐదు, నాకు అరవైఏడు.

పోనీ నేను ప్రతిసారీ ఇచ్చానా? లేదు! పది సార్లలో ఏడు సార్లు గట్టిగా నిలబడ్డాను. ఈ మాట గర్వంగా చెబితే ఆ అమ్మాయి ముఖం ఇంకా చిన్నబోయింది. అప్పుడప్పుడూ ఇవ్వడం ఎప్పుడూ ఇవ్వడం కంటే అన్యాయమట. కొండ మీద ఆర్జిత సేవలకు ఆన్‌లైన్‌లో లక్కీడిప్ ఉంటుంది కదా. మా పక్కింటాయన నెలనెలా సుప్రభాతానికి పేరు నమోదు చేస్తాడు. రాదు. ఎప్పుడో ఒకసారి వచ్చింది. ఆ ఒక్కసారితో ఆయన ఇంకో ఏడేళ్లు మానడు. ఎప్పుడొస్తుందో తెలియనిదాన్ని ప్రాణి అంత తొందరగా వదలదని స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వశాస్త్ర దొర, ఫెర్‌స్టర్ అనే ఇంకో ఆయనతో కలిసి పావురాల మీద వేలకొద్దీ గంటలు చూసి, 1957లో పెద్ద పుస్తకమే వేశాడు. మా ఇంట్లో ఫోను కౌంటరు సరిగ్గా లక్కీడిప్ పద్ధతిలో నడుస్తోందని, నడిపేది నేనేనని తేలింది.

సరే, ఆపేద్దామన్నారు. ఊరికే ఆపడం కాదు, ఫోను కావాలంటే బొమ్మ కార్డు చేతికివ్వడం నేర్పుతూ, అరుపుకు మాత్రం ఇవ్వకుండా ఉండాలి. మొదట్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది, అక్కడ నిలబడాలి అని ముందే హెచ్చరించింది. దానికీ ఒక పేరుంది: ఎక్స్‌టింక్షన్ బర్స్ట్. మీట నొక్కినా లైటు వెలగకపోతే మనం ఒకటికి పదిసార్లు టకటకా నొక్కమా, అదీ అట్లాంటిదే. మూడో రోజు సాయంత్రం నలభై నిమిషాలు ఏడ్చాడు. వీధిలో సగం మంది మా మెట్ల మీదే ఉన్నారు. 'బిడ్డనట్ట ఏడిపిస్తారా ఎవురన్నా? ఏం తల్లివమ్మా నువ్వు!' అని ఎవరో మా అమ్మాయినే అన్నారు. నలభై ఒకటో నిమిషంలో మా ఆవిడ కర్టెన్ కింద నుంచి ఫోను లోపలికి తోసింది. అంటే మూడు రోజులు ఇంటిల్లిపాదీ కష్టపడి, ఫోను ధరను నాలుగు నిమిషాల నుంచి నలభైకి పెంచాం.

దిష్టి సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పడేశాక వాడు ఊరుకున్నాడు. అప్పటినుంచి మా ఆవిడ రోజూ తీస్తోంది. స్కిన్నర్ 1948లో పావురాలకు అవి ఏం చేసినా చేయకపోయినా కాసేపటికోసారి గింజలు పడేలా ఏర్పాటు చేశాడు. గింజ పడినప్పుడు ఏం చేస్తూ ఉంటే దాన్నే పట్టుకున్నాయవి. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకొకటి బోను పైమూలలోకి తల దూర్చింది. ఏడ్చినవాడు ఎప్పుడో ఒకప్పుడు అలిసి ఊరుకుంటాడు, ఆ క్షణానికి మన చేతిలో ఏముంటే దానికే మహిమ. ఇది మా ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఇక్కడ రాశాను.

ఇంకో అభ్యంతరం, ఘనత ఎవరికి పోవాలన్న దాని మీద. ఇష్టమైన పనిని ఆశ చూపి, ఇష్టంలేని పనిని ముందు చేయించడాన్ని ప్రీమాక్ సూత్రం అంటారట, 1959 నాటిది. పాఠ్యపుస్తకాల్లో దానికి 'అవ్వ సూత్రం' అని ముద్దుపేరు కూడా ఉంది. అవ్వల దగ్గర కొట్టేశామని వాళ్లే ఒప్పుకున్నట్టు! చంద్రగిరిలో మా అమ్మ, 'సంగటి ముద్ద మింగు, ఆమీద బెల్లం ముక్క' అనేది. ముద్ద మింగకముందే బెల్లం ఇచ్చిన పాపాన పోలేదు. ఆమె పేరు ఏ పత్రికలోనూ పడలేదు.

లంచం అన్న మాట మీద మాత్రం నేను గట్టిగా పోట్లాడాను. పని చేస్తే చాక్లెట్టు ఇవ్వడం లంచం కాదా? ఆ విషయంలో నాకు మూడు దశాబ్దాల అనుభవం ఉంది, తీసుకున్నవాళ్ల పక్క టేబుల్లోనే కూర్చున్నాను. 'ఏడుపు మొదలైనాక ఆపమని చూపిస్తే లంచం సార్. ముందు చెప్పుకుని, పని అయినాక ఇస్తే కూలి' అంది. ఈ లెక్కన మా ఆఫీసులో జరిగిందేమిటో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

చివరికి నా బ్రహ్మాస్త్రం వేశాను. మేమంతా బెత్తం దెబ్బలతో పెరిగినవాళ్లం. 1987లో లోవాస్ అనే పెద్దమనిషి, చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున ఈ శిక్షణ ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఆ పద్ధతిలో దెబ్బ కూడా ఉంది కదమ్మా అన్నాను. 'ఉంది సార్. అదే వదిలేయాల్సి వచ్చింది' అంది. ఆటిజం ఉన్న పిల్లలే పెద్దవాళ్లయి, మమ్మల్ని కళ్లలోకి చూడమని, చేతులు ఊపొద్దని బలవంతం చేసి బాధపెట్టారని చెప్పారట, ఇప్పటికీ చెబుతున్నారట. మావాడు ఆనందం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తాడు. దాన్ని ఆపమని నేనే ఆమెకు చెప్పి ఉన్నాను. 'అది ఎవురికి అడ్డం సార్?' అని అడిగింది. ఆలోచించాను. వీధికి అడ్డం.

తొమ్మిదో పేజీ దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ రెండో గడిలో చిన్నోడి పేరు కొట్టేసి ఉంది.

'ముందు: పొద్దుటినుంచి నేనొక్కదాన్నే. నేను: వాడి మీద అరిచినా, చెయ్యి ఎత్తినా. తర్వాత: ఎవురూ ఏం అడగలేదు.'

ఆ పేజీ మీద నాకు అభ్యంతరం ఏమీ లేదు. సెంటరు అమ్మాయి దాన్ని చూసి, పిల్లాడి సంగతి పక్కనబెట్టి, రోజుకో గంట తల్లికి సెలవు అని రాసిచ్చింది. ఆ గంట ఎవరు చూసుకోవాలో పేరుతో సహా రాసింది. నా పేరే.

నా గంటలో నాకిచ్చిన పని నీళ్లు. నిజానికి సేవలో నాకు పేరుంది. వాడు వంటింటి వైపు చూస్తే నీళ్లు, తలుపు వైపు చూస్తే చెప్పులు సిద్ధం. అందువల్ల మాట రాలేదని కాదు సార్, వచ్చేదానికి సందు లేదు అంది ఆ అమ్మాయి. గ్లాసు కనబడేలా పట్టుకోవాలి. ఐదు లెక్కపెట్టాలి. అప్పటికీ ఏమీ లేకపోతే మనమే 'నీళ్లు' అని ఇచ్చేయాలి, దాహంతో ఆడుకోకూడదు. వేలు చూపినా, కార్డు ఇచ్చినా, ఏ కాస్త శబ్దం చేసినా మాట కిందే లెక్క. అక్షరాభ్యాసంలో బియ్యం మీద చెయ్యి పట్టి దిద్దిస్తాం, తర్వాత మెల్లగా పట్టు వదులుతాం కదా, అట్లాగే మన సాయం తగ్గించుకుంటూ రావాలి.

ఐదు అంకెలు ఇంత పొడుగుంటాయని నాకు తెలీదు. అలిపిరి మెట్లు 3550 ఎక్కినవాణ్ణి, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఇంత ఆయాసపడలేదు. గురువారం సాయంత్రం మా అమ్మాయి కపిలతీర్థం వెళ్లి కూర్చుని వస్తానని వెళ్లింది. నేను స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. వాడు గ్లాసు చూశాడు. నా పంచె పట్టి లాగాడు. ఒకటి, రెండు. నా ముఖం చూశాడు, ఈ తాతకేమైందన్నట్టు. మూడు. ఇచ్చేద్దామని చెయ్యి దానంతటదే కిందికి పోతోంది. నాలుగు.

'నీ' అన్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి నోటుపుస్తకంలో నా చేతిరాత పడి ఉంది, మొదటిసారి. ఒకటో గడి, రెండో గడి చదివింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. మళ్లీ మూడో గడి చూసింది.

'నీళ్లిచ్చినా అని రాసినావు. ఎన్ని నీళ్లిచ్చినావు నాయనా?'

'నాలుగు గ్లాసులు.'

ఏమీ అనకుండా పెన్ను తీసుకుని కింది వరసలో మొదటి గడి నింపింది. 'ముందు: తాత నాలుగు గ్లాసుల నీళ్లు తాపించినాడు.' రెండో గడి రాత్రి పదకొండింటి దాకా ఖాళీగానే ఉంది. ఆ తర్వాత ఇద్దరం కలిసి పక్కగుడ్డలు మార్చాం.