పడవకు ముందు పెట్టె

2022 ఏప్రిల్ 4న మనకు సముద్రం వచ్చింది. అల రాలేదు, తుపాను రాలేదు, గెజిట్ వచ్చింది. ముందురోజు దాకా చిత్తూరు జిల్లావాళ్ళం. నీళ్ళంటే కల్యాణీ డ్యాం, ఇసుకంటే స్వర్ణముఖి. తెల్లారేసరికి తిరుపతి జిల్లావాళ్ళమయ్యాం. నెల్లూరోళ్ళ సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట, పులికాట్‌లో ఆంధ్రా వాటా, అన్నీ మనవే. ఇంత ఉప్పునీళ్ళు ఉచితంగా చేతికొచ్చాక వాడుకోకపోవడం బాధ్యతారాహిత్యమని మొట్టమొదట గుర్తించినవాడు మా బావ.

బావ రిటైరై రెండేళ్ళు. తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తు. తెరచాప పడవ కట్టిస్తానని ఒక ఆదివారం ప్రకటించాడు. మా వంశంలో నావికానుభవం లేకపోలేదు. తిరుమలలో ఐదు రోజుల తెప్పోత్సవాన్ని పుష్కరిణి గట్టున నిలబడి ఏటేటా చూస్తున్నాం. అయితే బావ పడవతో మొదలుపెట్టలేదు. పడవలో గ్యాసు బండ పెట్టే పెట్టెతో మొదలుపెట్టాడు. ఆలూ లేదు, చూలూ లేదు అని వీధిలోవాళ్ళు నవ్వారు. పుట్టబోయే సోమలింగానికి అన్నం ఎవరు వండుతారని బావ అడిగితే ఒక్కడూ జవాబివ్వలేదు.

పెట్టె పని వడ్రంగి మేస్త్రీకి అప్పగించాడు. మేస్త్రీ నమూనా చూసి గడ్డం గీరుకున్నాడు. "సార్, చుట్టూ సందు లేకుండా సీలు వెయ్యమంటారు. అడుగున మాత్రం కన్నం పెట్టమంటారు. ఇది మూసేదానికా, తెరిచేదానికా?"

నవ్వకండి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ అనే సంస్థ పడవల గ్యాసు గురించి రాసిపెట్టిన నియమాలన్నీ ఈ ప్రశ్నకు జవాబులే. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. మన వంటింటి బండలో దానికి తోడు బ్యూటేన్ కూడా ఉంటుంది, అది రెండింతలు. కారిందంటే పొగలా పైకి లేవదు, నీళ్ళలా జారి పల్లం వెతుక్కుంటుంది. ఇంట్లో అయితే ఏదో ఒక గడప దాటుతుంది. పడవకు గడప ఏది? నీళ్ళు లోపలికి రాకుండా కట్టిన పడవంటే, గ్యాసు బయటికి పోకుండా కట్టిన పడవే. అడుగున చేరి కూర్చుంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు దాటితే చాలు, తక్కిన పని నీళ్ళు తోడే మోటారు స్విచ్చిలో పుట్టే రవ్వ చూసుకుంటుంది.

అందుకని పెట్టె మూత పైకే తెరుచుకోవాలి, అదీ బయటి గాలిలోకి. పడవ లోపలి వైపు సూది దూరే సందు కూడా ఉండకూడదు. గొట్టం, వైరు వెళ్ళే చోట కూడా గ్యాసు దూరని బిగింపు ఉండాలి. అడుగున మాత్రం కనీసం అర అంగుళం కన్నం, దానికో గొట్టం. ఆ గొట్టం కిందికే వాలుతూ పడవ బయట, నీటిమట్టానికి పైన తెరుచుకోవాలి. ఆ కొసకూ పడవలోకి ఉన్న ఏ కిటికీకైనా కనీసం 20 అంగుళాల ఎడం.

మేస్త్రీ మంచి మనసుతో పైన రెండు గాలి కన్నాలు ఫ్రీగా పెట్టిచ్చాడు. గొట్టాన్ని వాష్‌బేసిన్ కింద తిప్పినట్టు అందంగా వంపు తిప్పాడు. ఆ వంపులో నీళ్ళు నిలిస్తే గ్యాసు అక్కడే ఆగిపోతుందని వివరించడానికి బావకు రెండు టీలు, ఒక సాయంత్రం పట్టాయి.

తర్వాత పరీక్ష. పొయ్యి కట్టేసి, బండ వాల్వు తెరిచి, గ్యాసు ఒత్తిడి చూపే గేజీలో ముల్లు ఎక్కడుందో చూసి, బండ కట్టేసి, మూడు నిమిషాలు ఆగాలి. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. బావ అరగంట కూర్చున్నాడు. పొయ్యి లేదు, బండ లేదు. సున్నా దగ్గరున్న ముల్లు అణువంత కూడా కదల్లేదు. వీధిలో మిఠాయి పంచాం.

చిక్కంతా వాస్తు దగ్గర వచ్చింది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి. లంగరు వేసిన పడవేమో గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది, పొద్దున ఆగ్నేయమైన మూల మాపటికి వాయవ్యం. వాస్తు పండితుడు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, నాలుగు మూలలా నాలుగు పొయ్యిలు పెట్టి, ఏది ఆగ్నేయంలో ఉంటే దాన్ని వెలిగించమన్నాడు. ఫీజు మాత్రం ఒక పొయ్యికే తీసుకున్నాడు, ధర్మాత్ముడు.

ఇంతలో మా అక్క కాఫీ పెట్టడానికి లేచింది. నేనూ వెనకే వెళ్ళాను. కొత్తగా చేయించిన మాడ్యులర్ కిచెన్. అరుగు కింద అల్మారాలో 14.2 కిలోల బండ. తలుపులకు రబ్బరు అంచు, బొద్దింక దూరదు. లోపల ఉల్లిగడ్డల బుట్ట, పాత పేపర్లు, పక్కనే నీళ్ళ ఫిల్టరు ప్లగ్గు. గ్యాసును బయటికి తోలే ఫ్యానేమో పైకప్పు దగ్గర, రేణిగుంట స్టేషన్లో దిగే చుట్టం కోసం కొండమీద కాచుకున్నట్టు. బావ పట్టుపట్టిన కన్నం మాత్రం అడుగున ఎక్కడా లేదు.

"అక్కా, ఇందులోంచి కారితే ఎటు పోతుంది?"

"కారితే వాసనొస్తుంది కదరా." నిజమే. వాసన లేని గ్యాసుకు మెర్కాప్టాన్ కలిపి కంపు కొట్టించేది అందుకే. ఆ కంపు ముందు ఉల్లిగడ్డల్ని దాటుకుని రావాలి.

శ్రీహరికోటలో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను చెప్పినట్టు వినేలా చేసే జిల్లా మనది. పైకి పోయే గ్యాసుకు అంతమంది శాస్త్రవేత్తలు. కిందికి పోయే గ్యాసుకు ఒక్క మా బావ, ఒక రబ్బరు వాషరు. కాబట్టి ప్రభుత్వానికి నా వినతి: జిల్లాలోని ప్రతి అపార్ట్‌మెంటునూ పడవగా ప్రకటించాలి. అప్పుడు చచ్చినట్టు నియమాలు వర్తిస్తాయి. 2021 నవంబరులో వీధుల్లో నీళ్ళు పారినప్పుడే ఈ పథకం సగం అమలైంది కూడా.

బావ మా మాట విన్నాడు. పడవను వాయిదా వేసి అక్క వంటింటిని ముందు ఒడ్డెక్కిస్తానన్నాడు. పెట్టె మిద్దె మీద ఉంది, దానిమీద వడియాలు ఎండుతున్నాయి. మేస్త్రీ అల్మారా అడుగున గోడకు కన్నం వేసి గొట్టం బయటికి దింపాడు. దింపిన గంటకే కింది వాటా ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. ఆయన కిటికీకీ మా గొట్టానికీ మధ్య ఆయన టేపుతో 18 అంగుళాలు, మా బావ టేపుతో 20. మూడో టేపు కొనుక్కురావడానికి మేస్త్రీ గాంధీ రోడ్డుకు వెళ్ళాడు.