మన సోర్సెస్ లిస్టే మన రేషన్ కార్డు

లైనక్సు గురించి రాసేవాళ్లంతా స్వేచ్ఛ, సమానత్వం అంటూ మొదలుపెడతారు. నేను ఒప్పుకోను. ఉబుంటు అనే లైనక్సు వాడే ప్రతి మనిషీ చివరికి చేసేది రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడటమే. సాఫ్ట్‌వేర్ సరుకుండే గోడౌన్ ఎక్కడో ఉంటుంది, అక్కడినుంచి సరుకు దించుకునే డీలర్లు ప్రపంచమంతా ఉంటారు, వాళ్లనే మిర్రర్లు అంటారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల కూడా ఈ కొట్టు నడుపుతున్నారు, అదీ పైసా కమీషన్ లేకుండా. మీ కార్డు ఏ షాపుకి పడిందో రాసి ఉండే కాగితం పేరు సోర్సెస్ డాట్ లిస్ట్. సుడో ఆప్ట్ అప్‌డేట్ అని కమాండ్ కొట్టడమంటే "స్టాకేం వచ్చిందండీ?" అని అడగడం, ఆప్ట్ అప్‌గ్రేడ్ అంటే సంచి తెరిచి పట్టడం. చాలామంది మొదటిది కొట్టేసి సిస్టమ్ అప్‌డేట్ అయిపోయిందని హాయిగా పడుకుంటారు, షాపు బోర్డు చదివి ఖాళీ సంచితో ఇంటికొచ్చినట్టు.

మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 23.10 ఉండేది. ఒకరోజు అప్‌డేట్ కొడితే వరసబెట్టి 404 నాట్ ఫౌండ్. నాకు వెంటనే తట్టిన కారణం ఒక్కటే, డీలరు సరుకు పక్కదారి పట్టించాడు. పొరుగింటి పుల్లకూర రుచి కదా, సింగపూర్ మిర్రర్ పెట్టాను. 404. జర్మనీ. 404. జపాన్ కూడా చూశాను, అక్కడివాళ్లకి క్రమశిక్షణ ఎక్కువంటారు. నిజమే, అదే 404ని ఇంకాస్త త్వరగా ఇచ్చారు. ఇలా నాలుగు దేశాల మీద నిందలు వేశాక, రాత్రి ఒంటిగంటకి అసలు సంగతి తెలిసింది. ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్టు ఉండే రకం) కాని ఉబుంటుకి ఆయుష్షు 9 నెలలే. 2023 అక్టోబరులో పుట్టింది 2024 జులైలో పోయింది, ఆ తర్వాత దాని సరుకంతా ఓల్డ్ రిలీజెస్ అనే పాత గోడౌన్‌కి తరలించేశారు. అంటే నేను ఇన్నాళ్లకి వచ్చి చనిపోయిన మనిషి కార్డు మీద బియ్యం అడుగుతున్నాను. (కొన్ని ఊళ్లలో అయితే ఇచ్చేవాళ్లు, అది వేరే విషయం.)

బుద్ధిగా 24.04 వేసుకున్నాను. అలవాటు కొద్దీ సోర్సెస్ డాట్ లిస్ట్ తెరిస్తే లోపల ఒక్క షాపు పేరూ లేదు, సోర్సులన్నీ ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఫైల్లోకి మారాయని ఒక కామెంటు మాత్రం ఉంది. షట్టర్ మీద "పక్క వీధిలోకి మార్చబడినది" అని కాగితం అంటించి పోయినట్టు.

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు ఈ ఫైలు చూసి కంగారుపడ్డాడు. "ఉత్త హెచ్‌టీటీపీ ఉందేంటన్నా, ఎస్ లేదు, దారిలో ఎవడైనా కల్తీ చేస్తే?" కూర్చోబెట్టి చెప్పాను. ఇక్కడ డీలర్ని నమ్మాల్సిన పనే లేదు. రిలీజ్ ఫైలు మీద గోడౌన్ వాళ్ల జీపీజీ సంతకం, అంటే డిజిటల్ ముద్ర ఉంటుంది, ఆ ఫైల్లో ప్యాకేజీల జాబితాకి హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి కోడ్ ఉంటుంది, ఆ జాబితాలో ఒక్కో డెబ్ ఫైలుకీ, అంటే ఒక్కో సరుకు ప్యాకెట్‌కీ హ్యాష్ ఉంటుంది. ఒక్క గింజ తేడా వచ్చినా హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని మొహం మీద చెప్పేస్తుంది. చాలాసార్లు అది కల్తీ కూడా కాదు, డీలరు లారీలోంచి బస్తాలు దించుతుండగానే మనం వెళ్లి మీద పడటం, ఓ గంట ఆగితే సర్దుకుంటుంది. కంప్యూటర్ గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ చచ్చి టైము వెనక్కి పోయిందనుకోండి, ఈ రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు, ఇన్ని గంటల తర్వాత చెల్లుతుంది అని పంచాంగం కూడా చెబుతుంది. ఇన్ని తాళాలున్న షాపు మన జిల్లాలో ఒక్కటి చూపించండి.

కుర్రాడు శ్రద్ధగా తలూపాడు. వారం తిరక్కుండా ఏదో వీడియో ప్లేయర్ కోసం ఊరూ పేరూ తెలియని రిపో, అంటే బయటి సరుకు కొట్టు ఒకటి తగిలించుకున్నాడు. సంతకం సరిచూసే పబ్లిక్ కీ లేదని ఆప్ట్ మొరాయించింది. కీ తెచ్చి కీరింగ్స్ ఫోల్డర్లో పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంత టైము మనవాళ్లకి ఎక్కడిది? ఎక్కడో దొరికిన ముక్క తెచ్చి ఆ లైన్లో ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్ అని అతికించాడు. అంటే, వీడి దగ్గర సంతకం అడగొద్దు, నా చుట్టమే, లోపలికి రానీ అని. ఎందుకురా అంటే నా వైపు జాలిగా చూశాడు.

"ఏం కాదన్నా, దానికి హెచ్‌టీటీపీ పక్కన ఎస్ పెట్టాగా."