దిద్దుబాటు ఇంటికి మోసుకెళ్లవద్దు
రోజూ సాయంత్రం ఇంట్లో ఒక గంట నోటు పుస్తకాలు దిద్దుకుంటే ఉపాధ్యాయులకు ఏడాదంతా సాఫీగా గడుస్తుందని ఒక వ్యాసంలో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. ఉన్నత పాఠశాలలో నాలుగైదు సెక్షన్లకు గణితం చెప్పేవారికి ఆ గంట ఏ మూలకు? పైగా రెండు రోజులు ఆలస్యంగా అందిన ఎర్ర సిరా గీతలను పిల్లలు చూడరు, పేజీ తిప్పేస్తారు. వాళ్లు లెక్కలు చేస్తున్నప్పుడే నేను బల్లల మధ్య తిరుగుతూ రోజుకొక వరుస చొప్పున దిద్దుతాను. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తేలిపోతుంది. నిజానికి మెడ మీద కూర్చునేది దిద్దుబాటు కాదు, ఎఫ్‌ఏ (చదువు సాగుతుండగానే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కులు. తెలంగాణలో వాటికి నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష. లఘు పరీక్ష అయ్యాక మిగతా మూడింటికీ ఒకే పూట కూర్చుని మార్కులు వేసేవారు చాలామంది (ఎలా వేస్తారో మనకు తెలియనిది కాదు). జూన్‌లోనే ఒక్కో విద్యార్థికి ఒక పేజీ కేటాయించి, ప్రాజెక్టు తెచ్చిన రోజే రాసుకుంటే ఆ తిప్పలు ఉండవు. ఇక ఆన్‌లైన్‌లో మార్కుల నమోదు చివరి రోజుకు వదిలితే సర్వర్ మొరాయిస్తుంది. దాని గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదెందుకో.