హిజాబ్ బలవంతమే అనుకుందాం, అప్పుడేం చేయాలి?

కర్ణాటకలోని ఉడుపి ప్రభుత్వ బాలికల పీయూ (మన ఇంటర్ లాంటిది) కాలేజీలో హిజాబ్ మీద 2021 చివర్లో మొదలైన గొడవ 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టులో రెండుగా చీలింది. తరగతి గదిలో హిజాబ్ వద్దన్న కర్ణాటక ప్రభుత్వ నిర్ణయం సబబేనన్నారు జస్టిస్ హేమంత్ గుప్తా. జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని కొట్టేశారు. అవే వాదనలు, పది రోజుల విచారణ, రెండు తీర్పులు. విస్తృత ధర్మాసనం తేల్చాలంటూ కేసును ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. టీవీ చర్చలు వేరే అంశాల మీదికి వెళ్లిపోయాయి గానీ, ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ హిజాబ్ మీద నడిచే వాదన ఆగలేదు. అందులో అన్నిటికన్నా బలమైన మాట ఒకటుంది: ‘ఆ పిల్లలు ఇష్టపడి వేసుకోవడం లేదు, ఇంట్లోవాళ్లు వేయిస్తున్నారు.’

ఈ మాటను తేలిగ్గా తోసెయ్యకూడదు. హిజాబ్‌ను సమర్థించేవాళ్లలో చాలామంది ‘అది మా ఇష్టం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పదహారేళ్ల ఆడపిల్లకు తన బట్టల మీద పూర్తి పెత్తనం ఏ ఇంట్లో ఉంది కనక? చున్నీ సరిగ్గా వేసుకోమని, జీన్స్ వద్దని చెప్పని తెలుగు ఇళ్లు ఎన్ని? హిజాబ్ కొందరికి భక్తి, కొందరికి అలవాటు, కొందరికి ‘మేమూ ఉన్నాం’ అని చెప్పుకునే గుర్తు, మరికొందరికి నిజంగానే బలవంతం. ఈ చివరి అమ్మాయి సంగతే చూద్దాం. ‘తల కప్పుకుంటేనే కాలేజీ, లేదంటే ఇంట్లో కూర్చో’ అన్నాడు తండ్రి. ఆమెకు ఆ గుడ్డ బస్ పాస్ లాంటిది. ఆ పాస్ చెల్లదని గేటు దగ్గర చెబితే తండ్రి మారడు, పిల్ల ఇంటికి తిరిగొస్తుంది. ఇష్టంతో వేసుకున్న అమ్మాయికి, మనసు చంపుకునైనా సరే, తీసి సంచిలో పెట్టుకుని క్లాసులో కూర్చునే వీలుంది. బలవంతాన వేసుకున్న అమ్మాయికి అదీ లేదు. నిషేధం ఎవరిని విడిపిస్తానంటోందో, దాని దెబ్బ ముందుగా తగిలేది వాళ్లకే. నిషేధాన్ని సమర్థించేవారు తమ చేతిలోని గట్టి ఆయుధం అనుకునే ‘బలవంతం’ వాదన నిజానికి నిషేధానికే ఎదురు తిరుగుతుందని నాకనిపిస్తుంది.

జస్టిస్ ధూలియా తీర్పులో బలమంతా ఇక్కడే ఉంది. మన దేశంలో ఆడపిల్ల బడి గేటు దాకా రావడానికే ఎన్ని అడ్డంకులు దాటాలో ఆయన గుర్తుచేశారు. పొద్దున్నే ఇంటి పనుల్లో తల్లికి సాయం చేసి గానీ బడికి రాలేని పిల్లల గురించి రాశారు. హిజాబ్ వేసుకుందన్న కారణంతో చదువు ఆపేస్తే ఆ పిల్ల బతుకు ఏమైనా బాగుపడుతుందా అని అడిగారు. జస్టిస్ గుప్తా యూనిఫాం సమానత్వాన్ని తెస్తుందన్న వాదన వైపు నిలిచారు. ధనిక, పేద తేడా కనబడకుండా చేయడం యూనిఫాం చేసే మంచి పని, కాదనలేం. కానీ యూనిఫాం రంగులోనే ఉన్న తలగుడ్డ ఆ సమానత్వాన్ని ఎలా చెడగొడుతుందో ఆ తీర్పు నన్ను ఒప్పించలేకపోయింది. కేంద్ర ప్రభుత్వమే నడిపే కేంద్రీయ విద్యాలయాల్లో ముస్లిం బాలికలు యూనిఫాంకు సరిపోయే రంగు స్కార్ఫ్ కట్టుకోవచ్చన్న విషయం ఈ కేసు వాదనల్లోనే ప్రస్తావనకు వచ్చింది.

అంతకుముందు ఇదే కేసులో కర్ణాటక హైకోర్టు నడిచిన దారి వేరు. 2022 మార్చి 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి మతాచారమా అని ప్రశ్న వేసుకుని, యూసుఫ్ అలీ ఖురాన్ అనువాదాన్నీ వ్యాఖ్యలనూ ఆధారం చేసుకుని, కాదని తేల్చింది. పర్దా మీద అంబేడ్కర్ చేసిన విమర్శనూ ఉటంకించింది. ఒక గుడ్డ మతంలో తప్పనిసరా కాదా అన్నది న్యాయమూర్తులు తేల్చాల్సిన సంగతా? తల కప్పుకోవాలన్న విషయంలో సంప్రదాయ ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) పండితులు ఒకే మాట మీద ఉన్నారు. ఆధునిక వ్యాఖ్యాతల్లో కొందరు దానికి ఆధారంగా చూపే ఖురాన్ ఆయత్‌ను (వాక్యాన్ని) వేరుగా చదువుతున్నారు. ముఖం కప్పుకోవడం మీదైతే సంప్రదాయంలోనే ఏకాభిప్రాయం లేదు. కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ 2019లో తన విద్యాసంస్థల్లో ముఖం కప్పే దుస్తులు వద్దంది, ‘సమస్త’ అనే సంప్రదాయ ఉలేమా (మతపండితుల) సంఘం అభ్యంతరం చెప్పింది. ఇది ముస్లింల లోపలి చర్చ, ఇంకా నడవాల్సిన చర్చ. ఇందులోకి కోర్టు దిగితే ఎటు తీర్పిచ్చినా చిక్కే. ‘తప్పనిసరి కాదు’ అంటే వేసుకునే పిల్లకు హక్కు పోతుంది. ‘తప్పనిసరి’ అంటే వేసుకోని పిల్లను మతం తప్పినదానిగా చూడ్డానికి ప్రభుత్వ ముద్ర దొరుకుతుంది. (మాటల్లో మాట, స్త్రీల గురించి చెప్పే ఖురాన్ అధ్యాయం సూరా అన్-నూర్ 31వ ఆయత్‌ను అందరూ ఉటంకిస్తారు. దానికి ముందు 30వ ఆయత్ మగవాళ్లను చూపు దించుకోమంటుంది. దాని మీద మాత్రం ఏ కాలేజీ గేటు దగ్గరా గొడవ జరగదు.)

సుప్రీంకోర్టులో ఈ విచారణ ముగింపుకొస్తున్న రోజుల్లోనే, 2022 సెప్టెంబరు 16న, టెహ్రాన్‌లో 22 ఏళ్ల మహ్‌సా అమీనీ చనిపోయింది. హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని ‘నైతిక పోలీసులు’ పట్టుకెళ్లిన అమ్మాయి. ఇరాన్ స్త్రీలు తలగుడ్డలు తీసి తగలబెట్టారు. ఆ ఉద్యమ ప్రస్తావన మన సుప్రీంకోర్టు వాదనల్లోకీ వచ్చింది, అదీ నిషేధానికి మద్దతుగా. కానీ ఇరాన్ కథను 1979 ఇస్లామిక్ విప్లవం నుంచి మాత్రమే చెప్పడం సగం కథ చెప్పడమే. 1936 జనవరిలో అప్పటి ఇరాన్ రాజు రెజా షా పరదాను నిషేధించాడు. పోలీసులు నడివీధిలో స్త్రీల చాదర్లు (ఒళ్లంతా కప్పే వస్త్రాలు) లాగేశారు. ఫలితంగా సంప్రదాయ కుటుంబాల స్త్రీలు గడప దాటడం మానేశారు, కొందరు తమ కూతుళ్లను బడి మాన్పించారు. పై తరగతి స్త్రీలకు అది స్వేచ్ఛలా కనిపించి ఉండొచ్చు, బజారు వీధుల్లోని ఇళ్లకు అది గృహనిర్బంధం. విప్లవం తర్వాత పాలకులు అదే తప్పును తిరగేసి చేశారు, 1983లో హిజాబ్ లేకుండా బయట తిరిగితే 74 కొరడా దెబ్బలని చట్టం రాశారు. ఆ నిర్బంధం మధ్యనే విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిల సంఖ్య మాత్రం పెరుగుతూ పోయింది. ఛాందసుల ఇళ్లకు కూడా ‘ఆ వాతావరణంలో చదివితే ఫర్వాలేదు’ అనిపించడం అందుకొక కారణం. ఇందులో ఆ చట్టం గొప్పతనమేమీ లేదు. తలగుడ్డ కట్టుకుని చదువుకున్న తల్లుల కూతుళ్లు ఎందరో 2022లో వీధుల్లోకి వచ్చారన్నది మాత్రం గమనించాలి.

ఫ్రాన్స్ అనుభవమూ దీనికి దూరం కాదు. ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు వద్దని అక్కడ 2004లో చట్టం చేశారు. దాని ప్రభావాన్ని పరిశీలించి ఆలా అబ్దెల్‌గదిర్, వాసిలికీ ఫౌకా అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ చట్టం వల్ల ముస్లిం బాలికలు మాధ్యమిక విద్య పూర్తిచేసే అవకాశాలు దెబ్బతిన్నాయని వాళ్లు తేల్చారు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో బురఖాతో కాలేజీ దాకా వచ్చి, లోపల దాన్ని తీసి మడతపెట్టి, దుపట్టా తల మీదుగా వేసుకుని క్లాసుకెళ్లే అమ్మాయిలు ఎప్పటినుంచో ఉన్నారు. ఏ కోర్టూ చెప్పకుండానే కుదిరిన సర్దుబాటు అది. ఉడుపి సెగ 2022 ఫిబ్రవరిలో విజయవాడనూ తాకింది. ఓ ప్రైవేటు కాలేజీలో హిజాబ్‌తో వచ్చిన విద్యార్థినులను ఆపడం, అధికారులు మాట్లాడాక అనుమతించడం, అన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. 2023 జూన్‌లో హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో పరీక్షకొచ్చిన అమ్మాయిల బురఖాలు తీయించారన్న ఫిర్యాదు వచ్చింది. అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ అది తమ ప్రభుత్వ విధానం కాదంటూనే, ఆడవాళ్లు ఎంత ఎక్కువ కప్పుకుంటే అంత మంచిదన్న ధోరణిలో మాట్లాడారు. అమ్మాయిల పక్షాన నిలబడాల్సిన చోట పెద్దమనిషి తరహా నీతిబోధ చేశారు. హిజాబ్ హక్కును సమర్థించే మగవాళ్లలో ఈ జబ్బు చాలామందికి ఉంది.

పర్దా ముస్లింల ఇళ్లకే పరిమితమని మాట్లాడే తెలుగువాళ్లు విశాఖలోని, విజయనగరంలోని ఘోషాసుపత్రుల పేర్లు ఒకసారి తలచుకుంటే మంచిది. పరాయి మగవాళ్ల కంటబడని స్త్రీల కోసం వెలిసిన ఆసుపత్రులవి. క్షత్రియ, వెలమ దొరల ఇళ్లలో ఘోషా మొన్నమొన్నటి దాకా పరువుకు గుర్తు. అది పలచబడింది పోలీసులు తెరలు లాగేయడం వల్ల కాదు. చదువు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, పట్నాలకు కాపురాలు మారాయి.

ఇక ముస్లిం పెద్దలను, సంఘాల నాయకులను అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది. ఉడుపి అమ్మాయిల కోసం ‘ఇష్టం’ అన్న మాటను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు, బాగుంది. రేపు ఏ కర్నూలులోనో, నిజామాబాద్‌లోనో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ‘నేను తీసేస్తాను’ అంటే ఆమె తండ్రితో మాట్లాడ్డానికి ఎవరు వెళ్తారు? మొహల్లాలో మాటలు పడుతుంటే పక్కన ఎవరు నిలబడతారు? ఆ పని కోర్టు చేయలేదు, ప్రభుత్వం చేయబోతే ఉడుపిలా తయారవుతుంది. తెలుగులో మూడు దశాబ్దాలుగా ముస్లిం రచయిత్రులు ఇంటి లోపలి పెత్తనం మీదా బయటి ద్వేషం మీదా ఒకేసారి రాస్తూ వస్తున్నారు. హిజాబ్ మీద ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు మైకు ముందు కూర్చునేవాళ్లలో మాత్రం వాళ్లు కనబడరు.