ఎడమపక్క సీటు

ఒంటరిగా కారేసుకుని ఫ్రాన్స్ వెళ్లొస్తానంటే మా ఆవిడ అడిగింది ఒకటే మాట. "మరి ఎడమపక్క సీట్లో ఎవరు కూర్చుంటారండీ?"

పెళ్లయి పదకొండేళ్లయినా ఇంకా ఇంత ప్రేమా అని నా గుండె కరిగిపోయింది. "ఒక్కరోజేగా, ఓర్చుకో" అన్నాను, గొంతు కాస్త బరువు చేసుకుని. తను నన్ను అదోలా చూసి, ఆ సీట్లో పులిహోర డబ్బా పెట్టి, స్నేహితురాలి సీమంతానికి వెళ్లిపోయింది.

మేముండేది ఇంగ్లండులో. కారు స్టీరింగు మన ఊళ్లోలాగే కుడివైపు. ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే, 35 నిమిషాల్లో సముద్రం కింద నుంచి కలేలో తేలతాం. అక్కణ్ణుంచి అమియెన్ సుమారు 160 కిలోమీటర్లు. అక్కడి పాత కెథెడ్రల్ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పక్కన ఎవరూ ఉండరు, 'స్పీడు తగ్గించండి' అనే మాట వినపడదు, నచ్చిన పాట నచ్చినన్నిసార్లు పెట్టుకోవచ్చు. ఒంటరి ప్రయాణం మీద నాకు అంతవరకే ఊహ.

కాఫీ కోసం కలే ఊళ్లోకి మళ్లగానే రౌండెబౌటు వచ్చింది. ఇంగ్లండులో రౌండెబౌటు అంటే శుభ్రంగా ప్రదక్షిణ. గుళ్లో ధ్వజస్తంభం చుట్టూ తిరిగినట్టే తిరుగుతాం. ఫ్రాన్సులో అంతా అప్రదక్షిణం. మన వైపు అలా తిరిగేది చావు దగ్గరే. పొద్దున్నే ఇదేం శకునంరా దేవుడా అనుకుంటూ తిరిగాను. కాఫీ ఆలోచన మానుకున్నాను.

హైవే ఎక్కి బులోన్ దాటాక టోల్ గేటు. అక్కడ డబ్బులు కట్టక్కర్లేదు. మెషిన్ ఇచ్చే టికెట్ తీసుకుని, హైవే దిగేచోట కట్టాలి. ఇంత తేలికా అనుకుంటూ వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

మెషిన్ ఎక్కడుంది? ఎడమపక్క. నేనెక్కడున్నాను? కుడిపక్క. మధ్యలో ఎవరున్నారు? పులిహోర.

మా ఆవిడ అడిగిన మాటకి అర్థం అప్పుడు వెలిగింది.

ఎడమ అద్దం దించి వంగాను. సీటు బెల్టు బిగుసుకుని వెనక్కి గుంజింది. బెల్టు తీసి, గేరు రాడ్ మీదుగా పాకాను. మోకాలు సరిగ్గా డబ్బా మీద పడింది, మూత టప్పున ఊడింది. ఒక చెయ్యి పులిహోరలో ఆనించి, రెండో చెయ్యి కిటికీలోంచి చాపి, రెండు వేళ్లతో టికెట్ లాగాను. కర్ర లేచింది. నేను లేవలేకపోయాను. వెనకాల హారన్. మన దగ్గర హారన్ అంటే పలకరింపు. అక్కడ ఒక్క హారన్ పడితే ఎవరో మన ఇంటిపేరు ఎత్తి తిట్టినట్టే ఉంటుంది. టికెట్ పళ్ల మధ్య పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పాకి, ఎలాగో బయటపడ్డాను.

అమియెన్ దగ్గర హైవే దిగేచోట తెలివి చూపించాను. మెషిన్‌కి కాస్త దూరంగా ఆపి, కారు దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, దర్జాగా టికెట్ పెట్టాను. మెషిన్ మింగింది, కాసేపు ఆలోచించింది, బయటికి కక్కేసింది. టికెట్ మీద నూనె, పసుపు, ఒక ఆవగింజ. సాయం కోసం బటన్ నొక్కితే ఒక ఆడగొంతు గబగబా ఫ్రెంచిలో ఏదో అంది. నాకు రాదన్నాను. ఇంగ్లీషులోకి వచ్చింది.

"టికెట్ మీ పక్కనున్న వారికి ఇచ్చి పెట్టమనండి."

"పక్కన ఎవరూ లేరు."

"ఎవరూ లేరా?" అందావిడ. ఆ 'లేరా'లో అంత జాలి ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

టికెట్‌ని చొక్కాకి బాగా తుడిచి పెడితే మూడోసారి ఒప్పుకుంది. కార్డు ఆనించాను. కర్ర లేవగానే, అదెక్కడ మళ్లీ పడిపోతుందోనని కారు చుట్టూ పరిగెత్తాను. ప్రదక్షిణమో అప్రదక్షిణమో చూసుకోలేదు.

కెథెడ్రల్ మాత్రం ఆ కష్టమంతా మరిపించింది. 1218లో పాత చర్చి కాలిపోతే, 1220లో దీన్ని మొదలుపెట్టారట. లోపలి కప్పు 42 మీటర్ల ఎత్తు. పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో స్లాబులన్నీ తీసేసి కింద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. 1206లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చిన పుర్రె ఒకటి అక్కడుంది. బాప్తిస్మమిచ్చు యోహానుదని నమ్ముతారు. నేల మీద నల్ల రాళ్లూ తెల్ల రాళ్లూ పేర్చిన చిక్కుదారి ఉంది. చిక్కని పేరే గానీ ఉన్నది ఒకటే బాట, 234 మీటర్లు. కుడా ఎడమా అని తేల్చుకోవక్కర్లేదు, అది తిప్పినట్టు తిరగడమే. పైగా ఒక్క టోల్ గేటు లేదు. రెండుసార్లు తిరిగాను.

పెద్ద బలిపీఠం వెనకాల ఒక సమాధి మీద ఏడుపు మొహం దేవదూత ఉన్నాడు. 1630ల్లో నికొలా బ్లాసే చెక్కిన పిల్లాడు. పుర్రె మీద మోచెయ్యి ఆనించి, చెంపకి చెయ్యి పెట్టుకుని, ఇంకో చెయ్యి ఇసుక గడియారం మీద వేసి కూర్చున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడికొచ్చిన సైనికులు వీడి బొమ్మున్న కార్డులే ఇళ్లకి పంపేవారట. అందరూ అది దుఃఖం అంటారు. వాడి మొహం చూస్తే నాకు తిరుగు ప్రయాణంలో ఉన్న రెండు టోల్ గేట్లు గుర్తొచ్చాయి.

బయటికొచ్చి, ఆ ఊరి బాదం మెకరాన్లు ఒక డజను కొన్నాను. పక్కనే వంటసామాన్ల కొట్టు. కిటికీలో ఒక పట్టకారు. మామూలుది కాదు, బొగ్గుల మీద మాంసం తిప్పేది, మూరెడు పొడుగు. ధర కూడా అడక్కుండా కొనేశాను.

పార్కింగు గేటు దగ్గర సీట్లోంచి కదలకుండా పట్టకారుతో టికెట్ పెట్టాను. కర్ర లేచింది! హైవే గేటు దగ్గర పట్టకారుతోనే టికెట్ లాగాను. పక్క వరుస కారులో పిల్ల ఒకతి చప్పట్లు కొట్టింది. ఆ పొగరుతోనే బులోన్ దగ్గర బ్యాంకు కార్డుని కూడా పట్టకారుకి అప్పగించాను. అది కార్డుని కారు కిందికి జారవిడిచింది. నేను రోడ్డు మీద బోర్లా పడుకుని దాన్ని ఎలా తీశానో ఇక్కడ అనవసరం. పట్టకారుతోనే తీశాను.

రాత్రి ఇంటికి చేరేసరికి పది దాటింది. మా ఆవిడ సంచీ తెరిచి, మెకరాన్లు పక్కన పెట్టి, పట్టకారు పైకెత్తి చూసింది.

"ఫ్రాన్స్ దాకా వెళ్లి ఇది తెచ్చారా? ఇంట్లో మూడున్నాయి."

జరిగిందంతా చెప్పాను. నవ్వలేదు, అదే భయమేసింది.

"విషయం ముందే విడమరిచి చెప్పచ్చుగా" అన్నాను.

"అడిగానుగా. ఓర్చుకోమన్నారు."