చుక్క గుర్తు ప్రశ్న గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నక్షత్రపు గుర్తు ప్రశ్న గారికి,
ప్రశ్నోత్తరాల గంట, శాసనసభ, వెలగపూడి.

అయ్యా,

తమరు నన్ను ఎరగరు. నేను మాత్రం తమ బారసాల దగ్గర్నుంచీ ఎరుగుదును. జిల్లాలో ఒక ఇంజినీరింగు డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. సభలో మిమ్మల్ని 'గౌరవ సభ్యుల ప్రశ్న' అని పిలుస్తారు. మా ఆఫీసులో మీ పేరు, లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అన్నదాన్ని కుదించి, ఎల్‌ఏక్యూ. మండలిలో పుడితే ఎల్‌సీక్యూ. ఆ మూడక్షరాలు టపాలో కనబడితే భోజనానికి లేచిన డిప్యూటీ ఇంజినీరు (డీఈ) గారు కూడా క్యారేజీ పక్కన పెట్టి మళ్లీ కూర్చునేవారు. కలెక్టరు గారి రిమైండరుకు కూడా అంత మర్యాద దక్కేది కాదు.

మీ నెత్తిన ఆ చుక్క ఉంది కాబట్టి మంత్రిగారు లేచి నిలబడి నోటితో చెప్పాలి. చెప్పాక సభ్యుడు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. చుక్క లేని మీ తమ్ముడికి ఆ యోగం లేదు. జవాబు రాసి చేతిలో పెడతారు, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు 20 మందికి చుక్క, 230 మందికి చుక్క లేదు. కరోనా పేరు చెప్పి 2020 సెప్టెంబరులో పార్లమెంటు నడిపినప్పుడు మీ గంటను ఎత్తేసి, మీ తమ్ముణ్ని మాత్రం ఉంచారు. నోరు లేనివాడికి రోగాలు అంటవని ఏలినవారి నమ్మకం కాబోలు.

ప్రభుత్వాలు మారాయి, రాజధాని మారింది, మీ భాష మాత్రం మారలేదు. 'శాఖామాత్యులు ఈ క్రింది విషయములను దయతో తెలియజేయుదురా' అని ఎత్తుకుంటారు. (అ) ఫలానా గ్రామమున తీవ్రమైన తాగునీటి ఎద్దడి నెలకొన్న విషయము వాస్తవమేనా? (ఆ) అయినచో, తీసుకొన్న చర్యలేవి? (ఇ) నూతన ట్యాంకు నిర్మాణము ఎప్పటిలోగా పూర్తి అగును? ఆ గ్రామమున ఇదే ప్రశ్నను ఆడవాళ్లు బిందెలు రోడ్డుకు అడ్డం పెట్టి అడుగుతారు. వాళ్ల వ్యాకరణంలో 'అయినచో' ఉండదు. అందుకే కాబోలు, వాళ్లకు జవాబు తొందరగా వస్తుంది.

ఇక్కడ మా ఆఫీసు విద్య ఒకటి చెప్పాలి. (అ)కు 'లేదండి' అని రాయగలిగితే చాలు, (ఆ), (ఇ) వాటంతటవే పడిపోతాయి. 'ఉత్పన్నం కాదు', 'ఉత్పన్నం కాదు' అని రెండుసార్లు టైపు చేసి టీకి వెళ్లొచ్చు. అందుకని మా తెలివంతా (అ) మీదే పెట్టేవాళ్లం. ఎమ్మెల్యేల పీఏలు మాకు ఎంతో సాయం చేసేవారు, పాపం. 'నీటి ఎద్దడి' అంటే సరిపోయే చోట, బరువుగా ఉంటుందని 'తీవ్రమైన' అని తగిలించేవారు. మాకు అంతే కావాలి. ఎద్దడి ఉంది, కాదనం. తీవ్రమైన ఎద్దడా? ట్యాంకరు వస్తోందిగా. లేదండి. 'రోడ్డు పూర్తిగా దెబ్బతిన్న విషయము వాస్తవమేనా' అంటే, పూర్తిగా ఎక్కడ దెబ్బతింది, రెండు కల్వర్టుల మధ్య బాగానే ఉంది. లేదండి. ఒక్క విశేషణం ఎక్కువైందా, ఊరికి ఊరే సభ రికార్డులో సుభిక్షం.

మీరు పైనుంచి దిగివచ్చే దారి చూడముచ్చట. శాసనసభ సచివాలయం నుంచి శాఖ కార్యదర్శికి, అక్కణ్నుంచి ఇంజనీర్ ఇన్ చీఫ్‌కి, ఎస్‌ఈకి, ఈఈకి, డీఈకి, ఆఖరికి అసిస్టెంటు ఇంజినీరు, ఏఈకి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కవరింగు లెటరు. పైన ఎన్ని రోజుల గడువున్నా, కిందికి చేరేసరికి మిగిలేది ఒక పూట. పూర్వం ఫ్యాక్సులో వచ్చేవారు, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నారు. 'ఎల్‌ఏక్యూ, మోస్ట్ అర్జెంట్, సాయంత్రం నాలుగులోపు' అని ఉంటుంది. ఏఈ గారు బండి తీస్తారు.

ఆ బండి ఊళ్లోకి పోయాక జరిగేది మీరు ఎప్పుడూ చూసి ఉండరు, సభలో ఉంటారు గనక. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద గేట్‌వాల్వు దగ్గర సైకిలు ట్యూబు చుట్టి, దాని మీద గోనెపట్టా కట్టి ఉంటుంది. చుక్క చుక్కా కారి అక్కడ చిన్న మడుగు, మడుగులో రెండు పందులు. సర్పంచి అర్జీ పెట్టాడు. సోమవారం గ్రీవెన్స్‌లో ఊరివాళ్లు కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది. ఏమీ కాలేదు. మీరు వచ్చిన ఆ పూట మాత్రం ఎక్కణ్నుంచి వచ్చాడో ఫిట్టరు వస్తాడు. బడ్జెట్టు లేదన్న వాల్వు, స్టోర్సులో లేదన్న వాల్వు, కొత్తది, గ్రీజుతో సహా వస్తుంది. రీవైండింగుకు పోయి వేసవంతా తిరిగిరాని మోటారు చీకటి పడకముందే బిగుసుకుంటుంది. ట్యాంకు చుట్టూ బ్లీచింగ్ పౌడరు ముగ్గేసినట్టు చల్లుతారు. ఏఈ గారు కొళాయి తిప్పి, నీళ్లు పడుతుండగా తారీఖు కనబడేలా ఫొటో తీసి పైకి పంపుతారు.

అదీ తమ మహిమ. ఎమ్మెల్యే గారు లేవకముందే, మంత్రిగారు నోరు తెరవకముందే ఊళ్లో నీళ్లు పడ్డాయి. అప్పుడిక 'ఎద్దడి నెలకొన్న విషయము వాస్తవమేనా' అంటే 'లేదండి' అనడం అబద్ధం కూడా కాదు! టీవీలో ఆ మాట విని మంత్రిని తిట్టుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మీకు వచ్చే జవాబుతో ఊరికి ఒరిగేదేమీ లేదు. ఒరిగేదంతా మీరు దిగివచ్చే ఆ నాలుగు రోజుల్లోనే.

జవాబు ఒక్క ముక్కే అయినా దాని వెనక ఒక ఫోల్డరు ఉంటుంది. 'సప్లిమెంటరీలకు నోట్' అంటారు. సభ్యుడు ఏ మూల నుంచి ఏమడుగుతాడో అని మండలం జనాభా, ఆవాసాలు, బోర్లు, 2019లో మొదలైన జలజీవన్ మిషన్‌లో మంజూరైనవీ పని మొదలుకానివీ, మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన ఎంత కావాలో ఎంత ఇస్తున్నామో అన్నీ అందులో ఉంటాయి. ఆ నోట్లు రాయడంలో మావాళ్లకు జిల్లాలో పేరుండేది. ఇంత చేస్తే సభ్యుడు లేచి ఏమంటాడు? 'అధ్యక్షా, ముందుగా నాకు ఈ అవకాశం ఇచ్చిన తమరికి ధన్యవాదాలు అధ్యక్షా. మా నియోజకవర్గంపై ప్రత్యేక శ్రద్ధ చూపుతున్న ముఖ్యమంత్రి గారికి మా ప్రజల తరఫున కృతజ్ఞతలు అధ్యక్షా.' అధ్యక్షులు 'ప్రశ్నకు రండి' అంటారు. ప్రశ్నకు వచ్చేసరికి మైకు కట్ అవుతుంది. మంత్రిగారు లేచి 'సభ్యులు మంచి ప్రశ్న అడిగారు అధ్యక్షా' అని, గత ప్రభుత్వం దగ్గర ఎత్తుకుని, అక్కడే ముగిస్తారు. గత ప్రభుత్వం కూడా ఆ గత ప్రభుత్వం దగ్గరే ఎత్తుకునేది. లైన్లో ఉన్న మిగతా ప్రశ్నలకు గంట అయిపోతుంది. వాటి జవాబులు 'సభ ముందు ఉంచినట్లు భావించడమైనది'. మా ఊరి నీళ్లు కూడా చాలా ఏళ్లు అలా వచ్చినట్లు భావించడమైనదే.

మీ వంశానికి ఘనత లేదని నేననను. 1957లో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎల్‌ఐసీ ఎందుకు సొమ్ము పెట్టిందని లోక్‌సభలో ఒక ప్రశ్న పడింది. ప్రధాని నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ పట్టు వదల్లేదు. జస్టిస్ చాగ్లా విచారణ వచ్చింది. మరుసటి ఏడాది ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. మంత్రి సొంత పార్టీ వాళ్లే ప్రధాని అల్లుడితో సహా నిలబెట్టి అడిగిన కాలం అది. 2005 డిసెంబరుకు వచ్చేసరికి, డబ్బు తీసుకుని మిమ్మల్ని అడగడానికి ఒప్పుకుంటూ కెమెరాకు దొరికిన 11 మంది ఎంపీలను బయటికి పంపాల్సి వచ్చింది. అడగడానికి కూడా ఒక రేటుందని దేశానికి అప్పుడు తెలిసింది. అడగకుండా ఉండటానికి ఎంతో ఇప్పటిదాకా ఎవరూ ఆరా తీయలేదు.

మా ప్రాంతం సంగతికి వస్తాను. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, మార్కాపురం, కనిగిరి, యర్రగొండపాలెం. కనిగిరి బోరు నీళ్లలో ఫ్లోరైడు, పళ్ల మీద గార, నలభై దాటకముందే కీళ్లు పట్టేసిన మనుషులు. నల్లమల అవతల శ్రీశైలం జలాశయం నిండుగా ఉంటుంది. మధ్యలో కొండ. ఆ కొండకు సొరంగం కొట్టి నీళ్లు తేవాలని కమ్యూనిస్టు ఎమ్మెల్యే పూల సుబ్బయ్య మొత్తుకున్నారు. ఆయన పోయాక ఆయన పేరు ప్రాజెక్టుకు పెట్టారు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. కృష్ణా వరద నీళ్లు 43.5 టీఎంసీలు. పాత మూడు జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు. ఈ అంకెలు మా ప్రాంతంలో బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. వాళ్లు రాసుకునే పలకలకు ఒకప్పుడు దేశమంతా పేరు, మార్కాపురం పలకలు మరి.

శంకుస్థాపన అయిన నాటి నుంచి వెలిగొండ మీద మీరు ఎన్ని రూపాల్లో పుట్టారో లెక్కపెట్టినవాడు లేడు. పలక మీద రాసిన అక్షరాల్లాగా, రాసినవాడు మారితే తుడిచి మళ్లీ అవే రాయడం. 'ఎప్పటిలోగా పూర్తి అగును' అన్న (ఇ) మాత్రం చెక్కుచెదరలేదు. జవాబులో సంవత్సరం ఒక్కటి మార్చి మిగతాది అలాగే ఉంచేవాళ్లు. 2024 మార్చి 6న, ఎన్నికల ముందు, ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆ రోజుకు సొరంగంలోంచి ఆయకట్టుకు నీళ్లు రాలేదు. ముంపు ఊళ్ల వాళ్లకు పరిహారం పూర్తిగా ముట్టలేదు. జాతికి అంకితం అయ్యింది గాని ఊరికి అంకితం కాలేదు. ఇక్కడ వాల్వు మార్చి ఫొటో తీస్తే సరిపోదు. ఇంత పెద్ద పనికి ఏఈ గారి బండి సరిపోదని నాకూ తెలుసు.

ఇంతకీ చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మంత్రిగారు సభలో 'పరిశీలనలో ఉంది' అంటే అది ఊరికే తప్పించుకోవడం అనుకుంటారు జనం. రూలు ప్రకారం అది హామీ. లోక్‌సభలో దానికోసం 1953 నుంచి ఒక కమిటీ ఉంది. ఏయే మాటలు హామీ కిందికి వస్తాయో జాబితా కూడా ఉంది. అందులో 'పరిశీలనలో ఉంది', 'విచారిస్తాను' లాంటివన్నీ ఉన్నాయి. మూడు నెలల్లో నెరవేర్చాలి. మన సభకూ ప్రభుత్వ హామీల సంఘం ఉంది. మంత్రిగారు తెలియక ఒక మాట జారితే, దాన్ని పట్టుకుని మూడు నెలల తర్వాత నిలదీయొచ్చు. అందుకేనేమో ఈ మధ్య మంత్రులు 'పరిశీలనలో ఉంది' అనడం కూడా తగ్గించి, చిరునవ్వుతో సరిపెడుతున్నారు. చిరునవ్వు ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు సభలో 175 మందిలో 164 మంది ఒక కూటమి వాళ్లే. మిగిలిన 11 మంది మొదట్లోనే ప్రతిపక్ష హోదా కోసం అలిగి బయటే ఉండిపోయారు. అంటే మిమ్మల్ని అడిగేదీ అధికార పక్షమే, జవాబిచ్చేదీ అధికార పక్షమే. అలాగని తీసిపారేయను. సొంత మంత్రిని సొంత ఎమ్మెల్యే కాస్త గట్టిగా అడిగితే మొహం మాడ్చుకునే మంత్రులనూ చూశాం. అవతల పక్షం వాళ్లు అలిగి కూర్చోవడం వల్ల నష్టపోయింది వాళ్ల నియోజకవర్గాల్లోని గేట్‌వాల్వులే. అలిగినవాణ్ని గెలిపించిన ఊరి ట్యాంకు కింద ఫిట్టరు రాడు.

అందుచేత మిమ్మల్ని నేను కోరేది జవాబు కాదు. జవాబు మీకు ఇవ్వనివ్వండి, లేకపోతే ఇచ్చినట్లు భావించనివ్వండి. మీరు మాత్రం తరచుగా దిగిరండి. సభలు ఆరునెలలకోసారి కూడితే చాలని రాజ్యాంగం 174వ అధికరణం. కూడినా మూణ్నాళ్ల ముచ్చట. 2024లో దేశంలోని శాసనసభలు సగటున 20 రోజులే కూర్చున్నాయని చట్టసభల పనితీరును లెక్కగట్టే పీఆర్ఎస్ సంస్థ లెక్క. ఏడాదికి ఇరవై రోజులు మీరు వస్తే ఎన్ని ఊళ్లకు ఎన్ని వాల్వులు? సభ లేకపోయినా మిమ్మల్ని పుట్టించే ఉపాయం ఏదైనా ఉంటే చూడండి. ఏఈ గారికి నెలకోసారి ఒక ఉత్తుత్తి ఎల్‌ఏక్యూ వాట్సాప్‌లో పెట్టినా ఫలితం ఉంటుంది.

ఇంకొక్క విన్నపం. పీఏ గారికి చెప్పి 'తీవ్రమైన' తీసేయించండి. మండలం పేరు, పంచాయతీ పేరు పూర్తిగా రాయించండి. మాది కొత్తపల్లి. రాష్ట్రంలో కొత్తపల్లులు చాలా ఉన్నాయి. పోయినసారి మండలం పేరు వేయకుండా ప్రశ్న పంపితే, పక్క డివిజన్లో ఉన్న కొత్తపల్లిలో రాత్రికి రాత్రి మోటారు బిగించేశారు. అక్కడివాళ్లు అడగనే లేదు. మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
కొత్తపల్లి (ఈసారి సరైనది)