మన దుమ్ములో ఆ కోన్ ఫిల్టర్ పెట్టకండి తమ్ముళ్లూ

మొన్న ఆదివారం పరకాల నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో వీ-క్రాస్ పికప్ కొన్నాడు. "అన్నా, కోల్డ్ ఎయిర్ ఇంటేక్ కిట్ ఒకటి చూసిన, 28 వేలంట, లాగుడు మస్తు పెరుగుతదట, నువ్వు కూడ పెట్టిచ్చినవు కదా, ఎట్లుంది?" అని అడిగాడు. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, దాని చోట వేరే పైపు, కోన్ ఆకారంలో ఉండే ఫిల్టర్ పెట్టడమే ఆ కిట్. రెండు నెలల్లో నన్ను ఇదే మాట అడిగిన మూడో మనిషి వాడు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పేకన్నా ఇక్కడ ఒకసారి రాసి పెడదామనిపించింది. కొంచెం పొడుగైంది, బండి ఉన్నవాళ్లు ఓపిగ్గా చదవండి.

మాది వరంగల్‌లో బోరు మోటార్ల షాపు. నా బండి 2018 మోడల్ ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2.5 లీటర్ల టర్బో డీజిల్, 134 హార్స్‌పవర్. మోటార్లు, పైపులు వేసుకుని ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు ఊర్లన్నీ తిరుగుతుంటాను. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక షాపులో ఆ కిట్ పెట్టించాను. పెట్టించే ముందు ఆటోనగర్‌లో మా బండి చూసే మెకానిక్ కాకను అడిగితే ఒక్కటే మాట అన్నాడు: "ఆ ఫిల్టర్ డబ్బా తియ్యకు బిడ్డా, కంపెనోడు దాన్ని ఊకెనే పెట్టలే." వినలేదు. టర్బో అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే రెక్కల చక్రం; వీడియోల్లో చూసిన ఆ టర్బో ఈల నా బండిలోనూ వినాలనిపించింది, అంతే.

ఈల వచ్చింది, కాదనను. గేర్ మార్చి తొక్కితే "ష్ష్" అని గాలి పీల్చే చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపించేది. బండి గట్టిగా లాగుతోందనే నమ్మాను. పది రోజుల తర్వాత కొలిచి చూద్దామనిపించి, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, రఘునాథపల్లి దాటాక ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 60 నుంచి 100కి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌తో నాలుగు సార్లు చూశాం. తర్వాత పాత డబ్బా తిరిగి బిగించి, అదే చోట, అదే పొద్దున వేళకు మళ్లీ నాలుగు సార్లు. అర సెకను తేడా కూడా రాలేదు. అయినా కిట్‌నే మళ్లీ పెట్టాను. చప్పుడు పెరిగితే బండి కూడా గట్టిగా లాగుతున్నట్టే అనిపిస్తుంది.

ఎందుకు తేడా రాలేదో అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. వేడి గాలి పలచగా ఉంటుంది, అది నిజం. 25 డిగ్రీల గాలికన్నా 45 డిగ్రీల గాలిలో అదే చోటుకు సుమారు 6 శాతం తక్కువ గాలి పడుతుంది. అందుకే టర్బో లేని పెద్ద పెట్రోల్ ఇంజన్లకు, అంటే అమెరికాలో ఎనిమిది సిలిండర్ల వీ8 పికప్‌ల వంటి వాటికి, చల్లటి గాలి అందిస్తే ఎంతో కొంత పవర్ కలుస్తుంది. మన టర్బో డీజిల్ కథ వేరు. టర్బో గాలిని నొక్కగానే అది వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ దాన్ని మళ్లీ చల్లారుస్తుంది, ఆ తర్వాతే సిలిండర్‌లోకి పోతుంది. ముందు మనం తగ్గించిన నాలుగైదు డిగ్రీల్లో చాలా భాగం ఆ ఇంటర్‌కూలర్ దగ్గరే తేలిపోతుంది. పైగా డీజిల్‌లో పవర్‌ను నడిపేది ఇంధనం. ఎంత డీజిల్ కొట్టాలో ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, చూసుకుంటుంది, దాని ప్రోగ్రామ్ మార్చకుండా ఒక్క పైపు మారిస్తే పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు ఆ కిట్ చల్లటి గాలి తీసుకుంటుందా అంటే అదీ లేదు. కంపెనీ డబ్బా గాలిని ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) లోపలి నుంచి, అంటే ఇంజన్ వేడి తగలని చోటు నుంచి పీలుస్తుంది. మూత ఉన్న డబ్బా, బయటి గాలి. కోల్డ్ ఎయిర్ ఇంటేక్ అంటే ఇదే కదా, బండితో పాటే వచ్చింది! నాకు పెట్టిన కిట్‌లో కోన్ ఫిల్టర్ ఇంజన్ పక్కనే, చుట్టూ ఏ అడ్డూ లేకుండా నిలబడింది. మే నెలలో కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ట్రాఫిక్‌లో ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని లెక్కలు చూపించే పరికరం, పెట్టి చూశాను. బయట 42 డిగ్రీలుంటే లోపలికి పోయే గాలి 68 చూపించింది. పాత డబ్బాతో అదే దారిలో, అదే ఎండలో 50 దాటలేదు.

ఇదంతా డబ్బు దండగ వరకే. నాకు అసలు కడుపు మండింది దుమ్ము దగ్గర.

2.5 లీటర్ల టర్బో ఇంజన్ 3 వేల ఆర్‌పీఎం దగ్గర బరువు లాగుతుంటే నిమిషానికి 5, 6 వేల లీటర్ల గాలి మింగుతుంది. ఆ గాలి మన దగ్గర ఎట్లా ఉంటుంది? కరీంనగర్ దారిలో గ్రానైట్ క్వారీల పొడి, భూపాలపల్లిలో బొగ్గు పొడి, వరికోతలప్పుడు పొట్టు, పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చుట్టూ గాలంతా దూది. గ్రానైట్ పొడిలో ఉండే క్వార్ట్జ్ రాయి సిలిండర్ లైనర్ (సిలిండర్ లోపలి గోడ) ఇనుముకన్నా గట్టిది. అది లోపలికి పోతే టర్బో రెక్కల అంచులను తింటుంది, పిస్టన్ రింగులను, లైనర్‌ను ఉప్పుకాగితంలా గీకుతుంది. ఒక్క రోజులో తెలియదు. రెండేళ్లకు ఆయిల్ తాగడం మొదలవుతుంది, పొగ వస్తుంది, అప్పుడు మనం డీజిల్ మంచిది కాదనుకుంటాం.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇంటిల్లిపాదినీ తీసుకుని ఈ బండిలోనే పోయాను. అక్కడి ఎర్ర దుమ్ము సంగతి పోయినవాళ్లకు తెలుసు. తిరిగొచ్చాక ఎందుకో అనుమానమొచ్చి పైపు క్లాంపు విప్పి, ఫిల్టర్ దాటిన తర్వాతి భాగంలో, అంటే శుభ్రమైన గాలి మాత్రమే ఉండాల్సిన చోట, వేలు పెట్టి తుడిచాను. వేలికి కుంకుమలా అంటుకుంది. దాని అవతల ఉన్నది టర్బోనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఆరేళ్లు మా ఇంటికి అన్నం పెట్టిన బండి అది.

అప్పటికే ఇంకో తలనొప్పి నడుస్తోంది. ఆ కోన్ ఫిల్టర్‌కు దుమ్ము పట్టడానికి ఆయిల్ రాస్తారు. ఎక్కువైతే ఆ ఆయిల్ గాలితో కొట్టుకుపోయి మ్యాఫ్ సెన్సర్ తీగకు అంటుకుంటుంది. వచ్చే గాలిని కొలిచేది ఆ సెన్సరే. మసకబారితే గాలి తక్కువ వస్తోందని లెక్క చెబుతుంది, దాన్ని నమ్మి ఈసీయూ డీజిల్ తగ్గిస్తుంది. బోరు పైపుల లోడుతో తాడ్వాయి అడవి దారిలో ఎత్తు ఎక్కుతుంటే లాగుడు పోయింది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. లాగుడు కోసం పెట్టించిన సామానే ఉన్న లాగుడు తీసేసింది. ఫోన్ చేస్తే ఆ షాపువాళ్లు "సెట్ అయ్యేదాకా అట్లనే ఉంటది" అన్నారు. పది నెలలకు కూడా సెట్ కాలేదు.

నీళ్ల సంగతీ చెప్పాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, వరంగల్‌లో కాలనీలు మునిగాయి. కోన్ ఫిల్టర్‌ను కిందికి, హెడ్‌లైట్ దగ్గర బిగిస్తే, పాత డబ్బాతో దాటగలిగే నీళ్లలో కూడా ఇంజన్ నీళ్లు తాగేస్తుంది. నీళ్లు నొక్కితే నలగవు, పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వారం నేను బండి బయటికే తియ్యలేదు.

మేడారం నుంచి వచ్చిన మూడో రోజు కాక దగ్గరికి పోయి అంతా విప్పించాను. పాత డబ్బా మా సజ్జ మీద భద్రంగా ఉంది కాబట్టి సరిపోయింది, దాన్ని పారేసినవాళ్లు కొత్తది కొనుక్కోవాల్సిందే. కాక నన్ను ఒక్క మాట అనలేదు, సెన్సర్ క్లీనర్ కొట్టి, పైపులన్నీ తుడిచి, టర్బో రెక్కలు వేలితో తడిమి చూసి "బతికింది" అన్నాడు.

అందరికీ వద్దని నేననను. మూత ఉన్న డబ్బాతో, ఆయిల్ లేని ఫిల్టర్‌తో, ఈసీయూ ట్యూనింగ్ కూడా తెలిసినవాళ్లతో చేయించుకుని, ఎక్కువగా తారు రోడ్డు మీదే నడిపేవాళ్లది వేరే లెక్క. మనలాగా చేన్ల గట్ల మీద, క్వారీ దారుల్లో తిరిగే బండికి అది పనికిరాదు. ఆ 28 వేలల్లో రెండు మూడు వేలు పెట్టినా ఒరిజినల్ ఫిల్టర్ ఎండాకాలానికి ముందొకటి, పత్తి సీజన్ అయ్యాక ఒకటి మార్చుకోవచ్చు. డబ్బా మూత క్లిప్పులు, లోపలి రబ్బరు సీలు సరిగ్గా కూర్చున్నాయో చూడండి, అక్కడ చిన్న సందు ఉంటే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. కంప్రెసర్ గాలి దగ్గర పెట్టి గట్టిగా కొట్టకండి, కాగితం చిరుగుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే హోసులో పగులుందేమో చూడండి, చాలా బండ్లలో లాగుడు పోయేది అక్కడే.

మా పరకాల తమ్ముడికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. వచ్చే ఆదివారం పొద్దున వాడు ఆటోనగర్‌కు వస్తున్నాడు, వాడి దోస్తు ఒకడు కూడా వస్తాడట, ఆ దోస్తు బండికి ఆ కిట్ పెట్టి ఎనిమిది నెలలైంది. కాక పైపు విప్పుతాడు, నేను తెల్ల గుడ్డ తెస్తాను. గుడ్డ తెల్లగానే బయటికొస్తే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను. కిట్ ఉన్నవాళ్లు ఎవరైనా బండి తీసుకుని రండి, కలిసి చూద్దాం.